ఇంటి సంగతులు: మాట వినబడు చిన్న ఫోను

పోయిన సంచికలో పట్టుచీరెలను భద్రపఱచుటను గుఱించి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాటను ఈ మాసము చెల్లింపలేకపోవుచున్నందుకు పాఠక సోదరీమణులు మన్నింతురు గాక. చీరెలు మఱియొక నెల వేచియుండగలవు. ఈలోపల మాయింట నొక సంగతి జరిగినది. దానివలన మేము నేర్చుకొన్నది మీలో ననేకులకు, ముఖ్యముగా పల్లెలో పెద్దవారిని విడిచి పట్టణములలో కాపురములు చేయుచున్నవారికి, వెంటనే పనికివచ్చునని తోచి చీరెలను ప్రక్కకు నెట్టితిమి.

మా పెద్దమ్మగారికి 74 యేండ్లు. విజయనగరమునకు పైనున్న కొండలక్రింది పల్లెలో, పెదనాన్నగారు కట్టించిన యింటిలో, ఒక యావును దాని దూడను పెట్టుకొని ఒంటరిగా నున్నారు. పట్టణమునకు రమ్మన్న రారు. రెండేండ్ల క్రిందట మనుమడు తన పాత టచ్‌ఫోనును తెచ్చి యిచ్చెను. దానిపై ఆమె వ్రేళ్లు సాగలేదు. పేడ కలిపి, అంట్లు తోమి, ఎండి గట్టిపడిన వ్రేలికి ఆ యద్దము పలుకదు. అప్పుడు మేమే ఒక సాయంకాలము బజారునకు పోయి, పది నిమిషములలో ఒక బటన్ల ఫోనును కొని, మాకు నచ్చిన కంపెనీ సిమ్మును వేయించి పంపితిమి. ఎఱ్ఱనిది, ముద్దుగా నున్నదని కొంటిమి. అంతకు మించి మఱేమియు చూడలేదు. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని వ్రాయకున్న తక్కిన సంగతి మీకు తెలియదు.

కార్తికమాసములో నొకనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆమె స్నానమునకు లేచి, నూతిగట్టుకడ పాచిమీద కాలుజాఱి పడిరి. ఫోను నడుమున దోపుకొనియే యున్నారు. తీసి మాకు చేసిరి, పోలేదు. ప్రక్కయింటివారికి చేసిరి, పోలేదు. తెఱమీద సిగ్నలు గీతలు ఒక్కటియు లేవు. పాలకు వచ్చు పిల్లవాడు ఆఱు గంటలకు వచ్చి చూచువఱకు ఆమె ఆ తడినేలమీదనే యుండిరి. తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స జరిగి, దేవుని దయవలన ఇప్పుడు కఱ్ఱసాయముతో నడచుచున్నారు. ఆసుపత్రిలో కన్ను తెఱచి మాతో నన్న మొదటిమాట: “ఆ ఎఱ్ఱది పనిచేయదే అమ్మా.” తిరిగి తన యింటికే పోవుదునని పట్టుపట్టిరి. పోయిన సంక్రాంతికి ముందు దింపి వచ్చితిమి. అయితే ఈ మాఱు ఫోను సంగతి తేల్చుకొనకుండ కదలరాదని నిశ్చయించుకొంటిమి.

తేల్చుకొనబోవగా తెలిసిన మొదటి సంగతి యిది: ఫోను చెడిపోలేదు. ఆ యూరిలో మేము వేయించిన కంపెనీ టవరు లేదు. దాని టవరు కొండకు అవతల నున్నది. వేఱొక కంపెనీ టవరు ఊరికి కిలోమీటరు దూరమున మిట్టమీద కనబడుచునే యున్నది. మాకు పట్టణములో మా కంపెనీ మాట గంటకొట్టినట్లు వినబడును. కాన అక్కడను వినబడునని తలచితిమి. ఈ తలపే అన్ని పొరపాట్లకు మూలము.

ఫోను మాట గాలిలో నెట్లు పోవునో కొంచెము తెలిసికొన్నచో తక్కినదంతయు సులువగును. కంటికి కనబడని విద్యుత్తరంగములు గోడలగుండ సాగిపోగలవని ఆచార్య జగదీశచంద్ర వసువు 1895లో కలకత్తాలో పెద్దలయెదుట చూపెను. ఆ తరంగములచేత దూరమున నున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చెను. సరిగా నూఱేండ్లకు, 1995 జూలై 31న, అదే కలకత్తానుండి బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాముతో మాటలాడుట మన దేశమున మొదటి మొబైలు సంభాషణము. ఆ దినములలో వచ్చిన పిలుపునకును డబ్బు చెల్లింపవలసి యుండెడిది. నేడు కూలికి పోవు తల్లికడను ఫోను కలదు. కాని తరంగముల స్వభావము మాత్రము వసువుగారి నాటినుండి మాఱలేదు.

అందు గృహిణి తెలిసికొనవలసినది ఒక్కటే. తరంగములలో పొడవైనవి, పొట్టివి అని తారతమ్యము కలదు. ఊరిలో జాతర జరుగునప్పుడు రెండూళ్ల అవతల మనకు ముందుగా వినబడునది డోలుచప్పుడు. సన్నాయి దగ్గఱకు పోయినగాని వినబడదు. రేడియో తరంగములును ఇంచుమించు అట్టివే. 700, 850, 900 మెగాహెర్ట్జుల తరంగములు డోలువంటివి. దూరము పోవును, గోడలను ఎక్కువగా దాటును. 1800, 2300 మెగాహెర్ట్జులవి సన్నాయివంటివి. వాటిలో మాటకును బొమ్మకును చోటెక్కువ గాని, గోడ అడ్డుపడిన త్వరగా నీరసించును. ఏ కంపెనీకైనను రెండురకములవియు నుండును. జియోవారికి క్రిందిపట్టీ 850. ఎయిర్‌టెలు, వీ కంపెనీలు సాధారణముగా 900 వాడుచున్నవి. బి.ఎస్.ఎన్.ఎల్. వారు స్వదేశయంత్రములతో నిర్మించి 2025 సెప్టెంబరు 27న ప్రారంభించిన 4 జి లో 700 పట్టీ కలదు. కొండ యడ్డమున్నచో మాత్రము డోలైనను సన్నాయియైనను ఒకటే. నీడ పడినచోట వెలుగు లేదు.

అడ్డు కొండయే కానక్కఱలేదు. ఇంటి పైకప్పు రేకులదైన, గోడలు ఇనుము వేసి పోసిన కాంక్రీటువైన, లోపలిగదిలో సిగ్నలు సగమునకు సగము తగ్గుట యాశ్చర్యము కాదు. మా యెఱుకనున్న ఒక ముసలమ్మగారు ఫోనును ఎలుకలకు భయపడి స్టీలుడబ్బాలో మూతపెట్టి దాచుచుండెడివారు. కొడుకు చేసినప్పుడెల్ల “అందుబాటులో లేదు” అని వచ్చుచుండెడిది. వారింట నిరువురికిని మాటపట్టింపులు కూడ వచ్చినవి. ఇనుపబీరువాలో పెట్టుటయు నట్టిదే. అయస్కాంతపు బిళ్లలు, ఇనుపరేకులు గల అలంకారపు తొడుగులును మంచివి కావు.

కాన ఫోనును చూచుటకు ముందు టవరును చూడవలెను. దీనికి ఖర్చు లేదు. పెద్దవారున్న యూరికి పోయినప్పుడు, ఇరుగుపొరుగువారి ఫోనులలో ఏయే కంపెనీల సిమ్ములున్నవో అడుగుడు. వేఱువేఱు కంపెనీల ఫోనులు రెండుమూడింటిని అడిగి తీసికొని, మనవారి యింటిలో పడకకడ, వంటింట, నూతికడ, స్నానపుగదికడ నిలుచుండి ఒక్కొక్కదానినుండి మాటలాడి చూడుడు. మాటలాడుటయే గాక, ఆ ఫోనునకు బయటినుండి చేయించి మ్రోగునో లేదో వినుడు. పగలు బాగుగా నుండి, రాత్రి ఎనిమిది గంటలకు ఊరందఱును ఫోనులు పట్టుకొన్నప్పుడు తెగిపోవు టవరులు కలవు. కాన రాత్రియు నొకమాఱు చూడవలెను. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో తమ సేవ ఎక్కడెక్కడ నున్నదో తెలుపు పటములను పెట్టినవి. చూచుట మంచిదే. అయితే పటములో మనయూరు రంగు పూసికొని యున్నంతమాత్రమున మన వంటింట మాట వినబడునని భావింపకుడు.

గీతలను నమ్ముటయు తగదు. నాలుగు గీతలనగా నింత బలమని అన్ని ఫోనులకు నొకే కొలత లేదు. ఒక ఫోను నాలుగు చూపినచోట మఱియొకటి రెండు చూపవచ్చును. ఆ రెండు చూపినదే మాటను బాగుగా వినిపింపవచ్చును.

పరీక్షలో వేఱొక కంపెనీ మేలని తేలినచో సంఖ్యను మార్చుకొనవలసిన పనిలేదు. పెద్దవారు తమ సంఖ్య మాఱిన చాల కలతపడుదురు. బ్యాంకు, గ్యాసు, పింఛను అన్నియు దానితోనే ముడిపడి యుండును. 2011 జనవరి 20నుండి దేశమంతటను సంఖ్యను నిలుపుకొని కంపెనీని మార్చుకొను సదుపాయము కలదు. ఆ ఫోనునుండి ఆంగ్లాక్షరములలో పోర్టు అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, పది యంకెల సంఖ్యను వ్రాసి 1900 కు సందేశము పంపవలెను. ఒక సంకేతసంఖ్య వచ్చును. దానిని ఆధారుకార్డుతో గూడ క్రొత్త కంపెనీ దుకాణములో నిచ్చినచో కొలది దినములలో మాఱును. ఆ సంకేతము మన ప్రాంతములలో నాలుగు దినములు మాత్రమే చెల్లును. కాన ముందు పంపి, పిదప పెళ్లికి పోయి, తిరిగివచ్చి దుకాణమునకు పోవుట పనికిరాదు. మా పెద్దమ్మగారి సంఖ్యను మిట్టమీది టవరు కంపెనీకి ఇట్లే మార్చితిమి. మాఱునప్పుడు కొన్ని గంటలు ఫోను పలుకదు. ఆనాడు మేము అక్కడనే యుంటిమి.

ఇక ఫోను. బటన్ల ఫోనులలో రెండు జాతులున్నవి. కేవలము 2 జి లో పనిచేయునవి మొదటివి. వేయిరూపాయలకు అటునిటుగా దొరకును. 4 జి లోను పనిచేయునవి రెండవవి. వాటి వెల ఎక్కువ. దుకాణదారుడు సాధారణముగా మొదటిదానిని చూపి “పెద్దవారికి ఇది చాలునమ్మా” అనును. చాలునో చాలదో సిమ్మునుబట్టి యుండును. జియోవారికి మొదటినుండియు 2 జి లేదు. ఆ సిమ్మును 2 జి ఫోనులో వేసిన రాయివలె నుండును. మిగిలిన మూడు కంపెనీలకు 2 జి యున్నది. ఆ సిమ్ములకు చవుక ఫోనును మాటకు సరిపోవును. మఱి నడుమనున్న 3 జి యేమైనదందురా? ఎయిర్‌టెలు వంటి కంపెనీలు దానిని మూసివేసినవి. కాన 3 జి ఫోను చవుకగా వచ్చినదని తీసికొనకుడు.

పాతకాలపు ఫోనులే సిగ్నలును బాగుగా లాగెడివని మన యిండ్లలో మగవారందఱు ఏకగ్రీవముగా చెప్పుదురు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. 2 జి ఫోను 900 పట్టీలో అవసరమైనప్పుడు 2 వాట్లవఱకు బలముతో పలుకగలదు. 4 జి ఫోను పలుకుట వాటులో ఐదవవంతు మాత్రమే. 2003లో వచ్చిన నోకియా 1100 వంటివి పల్లెటూరి ధూళికి, చెమటచేతులకు తట్టుకొనునట్లు చేయబడినవి; టార్చిదీపముతో వచ్చి, లోకమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. అయినను ఫోను ఒంటరిగా మాటలాడదు. టవరును దానితో మాటలాడవలెను. 4 జి లో బలము తక్కువైనను మాటను కూర్చి పంపు విధానము మెఱుగుపడినది. పైగా క్రొత్త టవరులన్నియు 4 జి కే వచ్చుచున్నవి. కాన మా యభిప్రాయమేమనగా, ఊరిలో ఇప్పుడు 2 జి బాగున్నను, చేతనైనచో 4 జి, 2 జి రెండును పట్టు బటన్ల ఫోనునే కొనుడు. ఒకటి అందనిచోట రెండవదానిని అది తానే వెదకికొనును. వేయిరూపాయలు మిగుల్చుకొనుటకు చవుకదానిని కొని, రెండేండ్లకు మరల కొనుటలో ఆదాయము లేదు.

4 జి ఫోనును కొనునప్పుడు పెట్టెమీది చిన్నయక్షరములు చదువవలెను. కంటియద్దములు ఇంటిలో మఱచిపోయి దుకాణమునకు పోవలదు. బ్యాండ్ అని కొన్ని యంకెలుండును. 5 అనగా 850, 8 అనగా 900, 28 అనగా 700, 3 అనగా 1800, 1 అనగా 2100, 40 అనగా 2300. మన కంపెనీయొక్క డోలుపట్టీ ఆ యంకెలలో నున్నదో లేదో చూడవలెను. బి.ఎస్.ఎన్.ఎల్. సిమ్మును వేయదలచినవారు ముఖ్యముగా 28 కొఱకు వెదకవలెను. అన్ని బటన్ల ఫోనులలోను అది యుండదు. ఇక వోల్టీ యను మాట పెట్టెమీద నుండవలెను. 4 జి లోనే మాటలాడు శక్తికి అది పేరు. అది లేనిదానికి 4 జి యుండియు మాటకొఱకు 2 జి కి దిగవలసివచ్చును. కొన్ని కంపెనీలు తమ పేరనే చవుకగా అమ్ము ఫోనులలో, జియోభారత్ వంటివానిలో, వారి సిమ్ము తప్ప వేఱొకటి పనిచేయదు. ఆ కంపెనీ టవరు మీ యూరిలో దిట్టముగా నున్నచో అది దోషము కాదు. లేనిచో చవుకయై యేమి?

రెండు సిమ్ములు పట్టు ఫోనును కొనుటయు మేము మెచ్చుకొందుము. మొదటి గదిలో మిట్టమీది కంపెనీ, రెండవ గదిలో కొండ యవతలిది. ఒకటి మూగవోయిననాడు రెండవది పలుకవచ్చును. గాలివానకు టవరునకు విద్యుత్తు పోయి, దినమంతయు లేచిరాని సందర్భములు కోస్తాలోనివారికి క్రొత్తకాదు.

చేతికి దొరికిన ఫోనును చెవికడ నుంచుకొని చూడుడు. యాంటెన్నా యిప్పుడు బయటకు కనబడదు. చాల ఫోనులలో క్రిందిభాగముననో వెనుకనో లోపల దాగియుండును. పిడికిలితో గట్టిగా కప్పి పట్టిన దానికి ఊపిరాడదు. 2010లో ఐఫోను 4 వంటి వెలగల ఫోనుకే చేయి తగిలిన సిగ్నలు తగ్గుచున్నదని లోకమంతయు గోలయైనది. పెద్దవారికి పైభాగమున, రెండు వ్రేళ్లతో పట్టుకొనుట నేర్పుడు.

బటన్లు వేఱువేఱుగా, ఉబ్బుగా, వ్రేలికి తెలియునట్లుండవలెను. నడుమ 5 మీద చిన్న బొడిపె యుండును, చీకటిలో తడుముకొనుటకు. మ్రోత పెద్దదిగా నుండవలెను. దుకాణములోనే పూర్తిగా పెంచి, వీధిలోనికి పోయి వినుడు. తెలుగులో వచ్చిన సందేశము పెట్టెలు పెట్టెలుగా గాక అక్షరములుగా కనబడుచున్నదో లేదో మీ ఫోనునుండి ఒకటి పంపి చూడుడు. చెవియంత్రము పెట్టుకొనువారికి 2 జి లో మాటలాడునప్పుడు యంత్రములో జుమ్మను ధ్వని వచ్చుట కలదు. అట్టివారికి 4 జి యే మేలు. కెమెరా, పాటలు మొదలైనవాని సంగతి మేము వ్రాయము. రేడియో యున్నచో సంతోషము.

మన యిండ్లలో పెద్దవారికి ఫోనును కొనుట తక్కువ, దింపుట యెక్కువ. కోడలు క్రొత్తది కొని, తన పాతది అత్తగారికి ఇచ్చును. ఇచ్చుట తప్పుకాదు గాని బ్యాటరీని చూచి ఇవ్వవలెను. తీయదగిన బ్యాటరీని బల్లమీద పెట్టి వ్రేలితో త్రిప్పుడు. బొంగరమువలె తిరిగినచో అది ఉబ్బినది, వెంటనే తీసివేయవలెను. ఇంకొక సంగతి. పెట్టెమీద పదిదినములు వచ్చునని వ్రాసియున్న బ్యాటరీ, సిగ్నలు తక్కువగానున్న యింటిలో మూడునాలుగు దినములకే అయిపోవచ్చును. టవరు దూరమైనకొలది ఫోను గొంతెత్తి అఱవవలెను. అఱచిన అలసట సహజమే కదా. అట్టి చోట్ల ఫోనును చెవికి ఆనించుటకంటె స్పీకరులో పెట్టి మాటలాడుట మేలు. మన దేశమున ఫోనులు శరీరమునకు చేర్చు తరంగబలము కిలోగ్రాముకు 1.6 వాట్లను మించరాదని 2012నుండి నియమము. *#07# నొక్కిన ఆ యంకెను చూపు ఫోనులు చాల గలవు.

బిల్లు లేక కొనకుడు. కొనుటకు ముందే ఫోనులో *#06# నొక్కిన పదునైదు అంకెల సంఖ్య కనబడును. అది పెట్టెమీది సంఖ్యతో సరిపోవలెను. ఆ సంఖ్య నిజమైనదో కాదో తెలియుటకు ఆంగ్లమున కె.వై.ఎం. అను మూడక్షరములు వ్రాసి, ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422 కు సందేశము పంపవచ్చును. పాతఫోనును ఎవరికడనైన కొనువారు ఈ పరీక్షను తప్పక చేయవలెను.

సిగ్నలును పెంచు పెట్టెలని కొన్ని యంత్రములను అమ్ముదురు. ప్రభుత్వపు అనుమతి లేక వాటిని ఇంటిమీద పెట్టుట నేరము. పైగా చుట్టుప్రక్కలవారి ఫోనులన్నిటికి చెఱుపు చేయును. ఫోను వెనుక అంటించు బంగారురంగు బిళ్లలున్నవే, అవి ఎందులకును పనికిరావు, ఇరువదిరూపాయలు పోవును.

మా పెద్దమ్మగారి కొఱకు మేము చివరకు కొన్నది నల్లని, ఏ సొగసును లేని, రెండు సిమ్ముల 4 జి బటన్ల ఫోను. కొన్నతరువాత ఒక దినమంతయు ఆ యింటిలో తిరిగితిమి. తూర్పుకిటికీ గట్టుమీద మాట నిలుకడగా నున్నది. నూతిగట్టుకడ కొంచెము తక్కువైనను తెగలేదు. వంటింట రేకులక్రింద తెగినది. కాన ఇంటనున్నంతసేపు ఫోనునకు తూర్పుకిటికీయే స్థానము, బయటకు పోయినప్పుడు మెడలో తాడు అని నిర్ణయించితిమి. నడుమున దోపిన ఫోనుకు ఒడలే అడ్డము. పడినప్పుడు క్రిందబడి నలుగును గూడ.

1 ని నొక్కిపట్టినచో మాయింటికి, 2 ని నొక్కిపట్టినచో ఎదురింటి అమ్మాయికి పోవునట్లు అమర్చితిమి. దానికి మించి మీకు తెలియవలసినది మఱియొకటి కలదు. 2017నుండి మన దేశమున అమ్ము బటన్ల ఫోనులలో 5 గాని 9 గాని యంకెను కొంతసేపు నొక్కిపట్టిన 112 కు పిలుపు పోవలెనని ప్రభుత్వము శాసించినది. స్త్రీల రక్షణకొఱకే వచ్చిన నియమమిది. అయినను ఇది యున్నదని తెలియని గృహిణులను మేము పలువురను చూచితిమి. మీ ఫోనులో ఏ యంకెయో కాగితము చదివి తెలిసికొనుడు. మన సిమ్ము కంపెనీ సిగ్నలు లేనప్పుడును, ఆ ఫోను పట్టగల వేఱొక కంపెనీ సిగ్నలున్నచో, 112 కు పిలుపు దానిగుండ పోవుట కలదు. ఆనాడు మా పెద్దమ్మగారికి ఎవరును ఈ సంగతి చెప్పియుండలేదు. మిట్టమీది టవరు కిలోమీటరు దూరముననే యున్నది. దీనిని తలచుకొన్నప్పుడెల్ల మాకు నిద్రపట్టదు. 5 ని పరీక్షకొఱకు నొక్కవలదు; నిజముగా పోలీసులకు పోవును. ఎట్లు నొక్కవలెనో ఫోను ఆపియుంచి చూపవచ్చును.

ఇక రీచార్జి. ఇంటర్నెట్టు అక్కఱలేని పెద్దవారిచేత ఇంటర్నెట్టుకు డబ్బు కట్టించుట పూర్వపు పద్ధతి. 2024 డిసెంబరులో ట్రాయివారు మాటకు, సందేశములకు మాత్రమే పరిమితమైన రీచార్జిలను ప్రతి కంపెనీయు పెట్టవలెనని ఆజ్ఞాపించిరి; 2025 జనవరినుండి అవి వచ్చినవి. ఏడాదివఱకు చెల్లునవియు కలవు. దుకాణములో అడిగినగాని చెప్పరు. ఏడాదికొకమాఱు ఉగాదినాడు చేయించుట అని పెట్టుకొన్నచో మఱపునకు రాదు. గడువు తీరినపిదప పిలుపులు ఆగిపోయి, పెద్దవారు “ఎవరును చేయుటలేదు” అని లోలోపల నొచ్చుకొనిన యిండ్లను ఎఱుగుదుము.

ఇప్పుడు ప్రతిరాత్రి ఎనిమిది గంటలకు మేము చేయుదుము. ఎనిమిది దాటి పదినిమిషములైన ఆమెయే 1 ని నొక్కుదురు. దూడ పాలు మాన్పించిన సంగతి, ఎదురింటి అమ్మాయికి సంబంధము వచ్చిన సంగతి స్పష్టముగా వినబడుచున్నవి. ఫోనుమీద ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే: మ్రోత మఱీ పెద్దదట, మ్రోగినప్పుడెల్ల దూడ బెదరి త్రాడు తెంపుకొనుచున్నదట. తగ్గించుట యెట్లో చెప్పుమని మూడుమాఱులు అడిగిరి. మేము ఇంకను చెప్పలేదు.